రెండు గంటలకోసారి



పిల్లల వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైన దాన్ని. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో రిపోర్టులు చాలా చూశాను. స్కానింగులు, రక్తపరీక్షలు, గీతలు గీతలుగా వచ్చే ఇ.ఇ.జి. కాగితాలు. వాటన్నిటికంటే నాకు బాగా గుర్తుండిపోయిన రిపోర్టు ఒక నోటుపుస్తకం. నాలుగో తరగతి కుర్రాడి తెలుగు పుస్తకం. వాళ్ళమ్మ దాన్ని చీరకొంగులో చుట్టి తెచ్చి డాక్టరుగారి బల్ల మీద పెట్టింది. జూన్‌లో రాసిన పేజీల్లో అక్షరాలు గుండ్రంగా, వరస తప్పకుండా ఉన్నాయి. దసరా సెలవుల తరవాత గీత మీద నిలబడటం మానేశాయి. సంక్రాంతి ముందు పేజీలో తలకట్టు ఒకచోట, అక్షరం ఒకచోట. పేజీ అడుగున ఎర్రసిరాతో మేష్టారి రాత: శ్రద్ధ లేదు.

డాక్టరుగారు పేజీలు తిప్పుతుంటే ఆవిడ నా వైపు తిరిగి, "నేనూ కొట్టాను సిస్టరమ్మా" అంది. అన్నం కంచం చేతిలోంచి జారవిడుస్తున్నాడని, పొగరెక్కి చేస్తున్నాడనుకుని కొట్టిందట. రెండుసార్లు కొట్టాను అని లెక్క కూడా చెప్పింది.

ఆ పిల్లాడి జబ్బు పేరు సబ్ అక్యూట్ స్క్లెరోజింగ్ పాన్‌ఎన్‌సెఫలైటిస్. నోరు తిరగదు కదూ? మాకూ తిరిగేది కాదు. వార్డులో ఎస్.ఎస్.పి.ఇ. అనేవాళ్ళం. అరుదైన జబ్బు. మెదడు జబ్బు. నయమయ్యే జబ్బు కాదు. ఈ మూడు మాటలూ ఒకేరోజు విన్న ఇళ్ళకు మనం ఏం చెయ్యగలం అన్నదే ఈ పూట నేను మాట్లాడదలుచుకున్నది. డాక్టర్లకు, బంధువులకు, ఇరుగుపొరుగుకు కూడా ఇందులో పని ఉంది.

ముందు జబ్బు సంగతి కాస్త చెప్పాలి. తట్టు మీ అందరికీ తెలుసు. కొన్ని చోట్ల పొంగు అంటారు. జ్వరం, కళ్ళు ఎర్రబడటం, ముక్కు కారటం, ఒళ్ళంతా ఎర్రటి పేలుడు. చాలామంది పిల్లలకు వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. ఏ కొద్దిమందికో తగ్గినట్టు కనిపించి తగ్గదు. ఆ వైరస్ మెదడులో ఉండిపోతుంది. మామూలు తట్టు వైరస్ ఒక కణంలో పెరిగి, బయటికి వచ్చి, ఇంకో కణాన్ని పట్టుకుంటుంది. ఇది అలా బయటికి రాలేని రూపంలోకి మారిపోతుంది. వీధి తలుపు వేసి ఉండగా ఇంట్లో వాళ్ళు గదిలోంచి గదిలోకి తిరిగినట్టు, లోపలిలోపలే కణం నుంచి కణానికి పాకుతుంది. దాని మీద ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలు వెన్ను నీటిలో విపరీతంగా పెరిగి ఉంటాయి. అయినా వాటికి అది అందదు. ఇలా ఆరేడేళ్ళు, పదేళ్ళు గడుస్తాయి. పిల్లాడు ఆడతాడు, బడికి వెళతాడు, ఫస్టు మార్కులు తెచ్చుకుంటాడు. ఒకరోజు అక్షరం గీత దిగుతుంది.

ఈ జబ్బుతో పోయిన పిల్లల మెదడు కణాల్లో తేడా ఉందని అమెరికాలో డాసన్ అనే డాక్టరు 1933లోనే రాశాడు. దానికీ తట్టుకీ ఉన్న బంధం తేలటానికి చాలా కాలం పట్టింది. 1969లో గానీ రోగుల మెదడులోంచి తట్టు వైరస్‌ను వేరుచేసి చూపలేకపోయారు. ఆడపిల్లలకంటే మగపిల్లల్లో ఎక్కువ. రెండేళ్ళ లోపు తట్టు వచ్చిన వాళ్ళకు ముప్పు ఎక్కువ. ముందు చదువు మందగిస్తుంది, స్వభావం మారుతుంది. తరవాత ఒళ్ళు ఉలిక్కిపడటం మొదలవుతుంది. కొన్ని సెకన్లకోసారి, గడియారం కొట్టినట్టు, తల ముందుకు వాలుతుంది, లేదా చెయ్యి విసురుతుంది. నడుస్తూ నడుస్తూ కూలబడతాడు. ఆ పైన మాట, నడక, మింగటం, చూపు ఒక్కొక్కటే తగ్గుతాయి. ఎక్కువమంది ఒకటి నుంచి మూడేళ్ళలో వెళ్ళిపోతారు. కొందరు నెలల్లోనే. నూటికి అయిదుగురిలో జబ్బు దానంతటదే చాలాకాలం ఆగిపోవటమూ ఉంది. ఆ అయిదుగురి సంగతి తల్లిదండ్రులకు చెప్పాలా వద్దా అని మా వార్డులో ఎప్పుడూ వాదన జరిగేది. నేను చెప్పాలనేదాన్ని. మిగతా తొంభై అయిదుగురి సంగతి కూడా అప్పుడే, కూర్చోబెట్టి చెప్పాలి.

కూర్చోబెట్టి అన్నాను. ఈ మాట మీద కాస్త ఆగుతాను.

ఒక ఆసుపత్రిలో, పేరు అనవసరం, వరండాలో నిలబడి చెప్పిన డాక్టరును చూశాను. చేతిలో ఫైలు, పక్కన లిఫ్టు కోసం ఎదురుచూస్తున్న జనం. "దీనికి మందు లేదమ్మా, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నాడు. ఆ డాక్టరు చెడ్డవాడు కాడు. చెప్పటం ఆయనకూ బాధే, త్వరగా అయిపోతే బాగుండుననుకున్నాడు. కానీ ఆ తల్లికి వినిపించిందేమిటి? మా పని అయిపోయింది, ఇక మీ ఖర్మ అని వినిపించింది. ఆ సాయంత్రమే ఇంకో ఊరు బస్సెక్కారు. అక్కణ్ణుంచి ఇంకో ఊరు. ప్రతిచోటా మళ్ళీ అవే స్కానింగులు.

ఇంకో డాక్టరుగారు ఉండేవారు. తలుపు వేసేవారు, ఫోను పక్కగదిలో పెట్టించేవారు. అమ్మానాన్నలిద్దరూ వస్తే గానీ మొదలుపెట్టేవారు కాదు. నాయనమ్మో అమ్మమ్మో వచ్చి ఉంటే ఆవిడనూ కూర్చోబెట్టేవారు, ఎందుకంటే ఇంట్లో రేపటి తీర్పులు ఆవిడవే కాబట్టి. జబ్బు పేరు కాగితం మీద రాసి ఇచ్చేవారు. ఇది మెల్లగా పెరుగుతుంది, దీన్ని పూర్తిగా పోగొట్టే మందు ఈనాటికి లేదు అని చెప్పి, తరవాత చాలాసేపు ఏమీ మాట్లాడేవారు కాదు. ఏడిస్తే ఏడవనిచ్చేవారు. ఆ పైన, మూర్ఛలకు మందులున్నాయి, ఉలికిపాటు తగ్గించటానికి మందులున్నాయి, తిండి దగ్గర, నిద్ర దగ్గర మేం చెయ్యగలిగింది చాలా ఉంది, వచ్చే మంగళవారం మళ్ళీ రండి అనేవారు. మంగళవారం వచ్చాక మొదట్నించీ మళ్ళీ అంతా చెప్పేవారు. ఎందుకంటే మొదటిరోజు చెప్పిందాంట్లో వాళ్ళ చెవిన పడింది ఒక్క ముక్కే అని ఆయనకు తెలుసు. నాకు తెలిసి, ఆయన దగ్గరికి వచ్చినవాళ్ళు ఊళ్ళు పట్టుకుని తిరగటం తక్కువ.

తరవాత వచ్చే ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఒకటే. ఎవరి వల్ల?

తట్టు ఎప్పుడొచ్చింది అని డాక్టరు అడగగానే తల్లి మొహం చూడాలి. చాలాసార్లు ఆవిడకు గుర్తుండదు. తట్టుకు మనవాళ్ళు ఆసుపత్రికి పోవటం ఎక్కడిది? అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి, చలవ చేసి, స్నానం పోసి ఊరుకుంటారు. కాగితం ఉండదు, తారీఖు ఉండదు. అమ్మమ్మకు ఫోను చేస్తే, "పాకే వయసులో, వాడి మేనత్త పెళ్ళికి పోయొచ్చాక ఒళ్ళంతా పేలలేదూ" అంటుంది. అంతే, ఆ పెళ్ళికి తీసుకుపోయిందెవరు అని ఇంట్లో పంచాయతీ మొదలు. టీకా వేయించలేదని అత్తగారు, వేయించమంటే మీరే జ్వరం వస్తుందన్నారని కోడలు.

వాళ్ళకు నేను ఒక లెక్క చెప్పేదాన్ని. మన దేశంలో తట్టు టీకా మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాక వేస్తారు, రెండోది పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య. తొమ్మిది నెలలకంటే ముందు తట్టు వచ్చిన పసిబిడ్డకు, ఎంత జాగ్రత్త గల తల్లయినా టీకా ఎలా వేయించగలదు? ఆ బిడ్డను కాపాడాల్సింది చుట్టూ ఉన్న పెద్ద పిల్లల టీకాలు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో లెక్క తీశారు. ఏడాది లోపు తట్టు వచ్చిన పిల్లల్లో 609 మందికి ఒకరు చొప్పున ఈ జబ్బు పాలయ్యారని 2017లో ప్రకటించారు. అదే రాష్ట్రంలో, లాస్ ఏంజెలెస్‌లో, బడి వయసు బిడ్డ ఒకరు ఈ జబ్బుతోనే పోయారని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. టీకా వయసు రాకముందే, చంటిబిడ్డగా ఉండగానే తట్టు సోకిందట. అంత డబ్బున్న దేశంలోనూ తప్పు తల్లిది కాదు, ఇక్కడా కాదు. టీకా వేయించగలిగీ వేయించని తల్లి ఎదురుపడితే ఏమంటానని అడుగుతారేమో. ఏమీ అనను. ఆవిడకు చెప్పాల్సిన సమయం దాటిపోయింది. చెప్పాల్సింది పక్కింటి ఆవిడకు.

ఇంకో రెండు మాటలు కూడా చెప్పి తీరాలి. ఇది అంటుకోదు. పైన చెప్పాను కదా, ఆ వైరస్ బయటికి రాలేదని. ఆ పిల్లాడి పక్కన కూర్చుంటే, వాడి కంచంలో తింటే ఎవరికీ రాదు. రెండోది, ఇది వంశంలో వచ్చేది కాదు. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, తమ్ముడికి ఈ జబ్బని అక్కకు కుదిరిన సంబంధం వెనక్కి పోయిన ఇల్లు నాకు తెలుసు. అసలే ఒక దుఃఖం, దాని మీద ఇదొకటి.

డబ్బు దగ్గరికి వద్దాం. ఈ జబ్బుకి ఐసోప్రినోసిన్ అనే మందు నోటితో ఇస్తారు. ఇంటర్‌ఫెరాన్ అనే మందును, తల చర్మం కింద చిన్న తిత్తి అమర్చి, దాని గుండా మెదడు లోపలి నీటిలోకి ఎక్కిస్తారు. కొందరిలో జబ్బు నడక మందగిస్తుంది. పోయిన అక్షరాలను తిరిగి తెచ్చే మందు ఇందులో ఏదీ లేదు. ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది. వాడాలా వద్దా అనేది డాక్టరుతో కూర్చుని, ఎన్నాళ్ళు, ఎంత, దేనికోసం అని అడిగి తేల్చుకోవాల్సిన విషయం. ఆ ప్రశ్న అడగటం పిల్లాడి మీద ప్రేమ లేకపోవటం కాదని తండ్రులకు చెప్పేదాన్ని. మగవాళ్ళు ఆ ప్రశ్న అడగలేక అప్పు చేస్తారు.

స్టెమ్ సెల్స్ ఎక్కించి నిలబెడతాం అనే ప్రకటనలు ఫోనులో వస్తూంటాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధమైన జబ్బులకు తప్ప, అనుమతి పొందిన పరిశోధన బయట స్టెమ్ సెల్ చికిత్స అమ్మటం కుదరదు. ఈ సంగతి తెలియక ఎకరం అమ్మినవాళ్ళున్నారు. తాయెత్తు కట్టించారంటే నేనేమీ అనేదాన్ని కాదు. పదకొండు రూపాయల దక్షిణతో అమ్మ మనసు కుదుటపడితే మంచిదే. మూర్ఛ మందు మానేసి తాయెత్తు కట్టమన్నవాడితో మాత్రం గొడవపడ్డాను. ఆ మందులు ఉన్నపళాన ఆపితే ఆగకుండా మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది.

ఇక ఇంట్లో పని. మా వార్డులో మేం నేర్పింది ఎక్కువగా ఇదే.

ఉలికిపాట్లు చూసి మొదట భయపడతారు. పిల్లాడికి నొప్పి పుడుతోందేమోనని. మామూలుగా నిద్రలో అవి ఆగిపోతాయి. చూసి కుదుటపడండి అని చెప్పేదాన్ని. వాల్‌ప్రోయేట్, క్లోబజామ్, కార్బమజెపైన్ లాంటి మందులు డాక్టరు చూసి ఇస్తే చాలావరకు అదుపులోకి వస్తాయి. నడుస్తూ పడిపోయే దశలో మంచం తీసేసి నేల మీద పరుపు వెయ్యండి. గడపకు, రుబ్బురోలుకు పాత దుప్పటి చుట్టండి. తలకు సైకిలు తొక్కే పిల్లల హెల్మెట్ పెట్టుకోవచ్చు. ఒక నాన్న ఆ హెల్మెట్ మీద పిల్లాడికిష్టమైన క్రికెటరు బొమ్మ అంటించాడు. దాన్ని తియ్యనిచ్చేవాడు కాదు ఆ పిల్లాడు, ఆఖరికి నిద్రలో కూడా.

తిండి దగ్గర ఆలస్యం ఎక్కువ. మనవాళ్ళకు పిల్లలను ఒళ్ళో పడుకోబెట్టుకుని పెట్టటం అలవాటు. ఈ పిల్లలకు అది ప్రమాదం. పడుకోబెట్టి పెడితే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వీపుకి దిండు ఆనించి, తిన్నగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి పెట్టాలి. పల్చటి నీళ్ళకంటే రాగిజావ, మెత్తగా కలిపిన పప్పన్నం నయం, గొంతులో నెమ్మదిగా దిగుతాయి. తింటూ దగ్గాడంటే ఆపెయ్యాలి. తిన్నాక అరగంట అలాగే కూర్చోబెట్టాలి. ఒక పూట తిండికి గంట పడుతుంది. రోజుకి నాలుగు పూటలు, లెక్క వేసుకోండి. ఒకనాటికి ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి వస్తుంది. గొట్టం అనగానే తల్లులు ఏడుస్తారు. గొట్టం వేశాక, ఇన్నాళ్ళూ పోరి పెట్టిన ఆ గంటసేపు ఇప్పుడు పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చోవటానికి మిగిలిందని ఒకామె నాతో అంది. ఆ మాట నేను తరవాత చాలామంది తల్లులకు చెప్పాను.

పూర్తిగా మంచం పట్టాక పక్క తిప్పాలి. రెండు గంటలకోసారి. రాత్రి కూడా. ఎడమ పక్క, వెల్లకిలా, కుడి పక్క. మడమలు, తుంటి, వెనక నడుం దిగువ, తల వెనక రోజూ చూడాలి. ఎర్రటి మచ్చ కనిపించి, వేలితో నొక్కి వదిలినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. ఆ మచ్చ మీద నూనె పెట్టి గట్టిగా రుద్దకూడదు. దాని మీద బరువు పడకుండా పెట్టాలి, అంతే. ఎయిర్ బెడ్ కొనగలిగితే కొనండి, కానీ ఎయిర్ బెడ్ ఉందని తిప్పటం మానకూడదు. చేతులూ కాళ్ళూ బిగుసుకుపోకుండా కీళ్ళు కదపటం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుంటే ఇంట్లోనే చెయ్యొచ్చు. నోరు తడిబట్టతో తుడవండి. విరేచనం మూడు రోజులు కాకపోతే చెప్పండి. ఏ ఇన్‌ఫెక్షనూ లేకుండానే ఒళ్ళు కాలిపోవటం, చెమటలు కారిపోవటం ఈ జబ్బు చివరి దశల్లో ఉంటుంది. మెదడు ఒంటి వేడిని నడపటం మానేస్తుంది కాబట్టి. ముందు డాక్టరుకు చూపించి, వేరే కారణం లేదని తేలితే, గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు తుడవటమే వైద్యం.

వాడికి తెలుస్తుందా సిస్టరమ్మా అని అడుగుతారు. ఎంత తెలుస్తుందో ఎవరూ చెప్పలేరు. తెలుస్తుందనుకునే మాట్లాడమంటాను. వాడి మంచం దగ్గర నిలబడి ఖర్చుల గురించి, రోజుల గురించి మాట్లాడుకోవద్దని బంధువులతో కటువుగా చెప్పేదాన్ని. ఒక అమ్మాయి, పదకొండేళ్ళది, చూపు పోయాక కూడా వాళ్ళ నాయనమ్మ గొంతు వినపడితే ఊపిరి నెమ్మదించేది. అది మేం అందరం చూసిందే.

ఇదంతా చేసేది ఎవరు? తొంభై పాళ్ళు తల్లి. తండ్రి కూలికో, డ్యూటీకో, ఆటో తోలటానికో పోతాడు, పోకపోతే మందులు రావు. ఆ తల్లి ఎప్పుడు నిద్రపోతుంది? పక్క తిప్పటం రెండు గంటలకోసారి అని మేం తేలిగ్గా కాగితం మీద రాసి ఇచ్చాం. దాని అర్థం ఏడాదిపాటు ఆవిడ రెండు గంటలకు మించి కన్ను మూయకూడదని. ఈ సంగతి నాకు తట్టటానికి పదేళ్ళ సర్వీసు పట్టింది. చెప్పుకోవటానికి సిగ్గుగా ఉంది. తరవాత్తరవాత రాసి ఇచ్చేటప్పుడు, రాత్రి పదకొండుకు ఎవరు, ఒంటిగంటకు ఎవరు, మూడుకి ఎవరు అని పేర్లు అడిగి రాసేదాన్ని. నాన్న పేరు, మేనమామ పేరు, పిన్ని పేరు. కొన్ని ఇళ్ళలో ఆ కాగితం గోడకు అంటించి మరీ పాటించారు.

ఆ ఇంట్లో ఇంకో పిల్లో పిల్లాడో ఉంటారు. వాళ్ళ పుట్టినరోజు ఎవరికీ గుర్తుండదు. నాకూ వస్తుందా అని ఆ పిల్ల మనసులో ఉంటుంది, నోరు తెరిచి అడగదు. అడక్కుండానే చెప్పాలి. టీకా కార్డు ఆ పిల్లదీ తీసి చూసి, డోసు తప్పి ఉంటే వేయించాలి. రాత్రిళ్ళు నిద్ర పట్టక, ఎవరితోనూ చెప్పుకోలేక నలిగిపోయే తల్లిదండ్రులు 14416కి ఫోను చెయ్యొచ్చు. కేంద్ర ప్రభుత్వం వారి టెలీ మానస్ అది. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

కాగితాల పని త్వరగా మొదలుపెట్టండి. వైకల్య సర్టిఫికెట్టు ఇచ్చే సదరం క్యాంపు స్లాటు ఆలస్యమవుతుంది, ఈ జబ్బు ఆగదు. నడుస్తుండగా వేసిన శాతం, మంచం పట్టాక చెల్లదు. మళ్ళీ వేయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పక్షవాతం లాంటి వాటితో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్ళకు 15,000. తెలంగాణలో వికలాంగుల పింఛను 4,016. ఏ కోవలోకి వస్తారో డాక్టరు సర్టిఫికెట్టులో రాసే మాటల మీద ఉంటుంది, అందుకని మంచం పట్టాడన్న మాట స్పష్టంగా రాయించుకోండి. బుద్ధి వికాసంలో లోపం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకు నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఉంది. అరుదైన జబ్బుల జాతీయ విధానమని 2021లో ఒకటి వచ్చింది గానీ, అందులోని జాబితా ఎక్కువగా పుట్టుకతో వచ్చే జన్యు వ్యాధులది. ఈ పిల్లలు అందులో ఇమడరు. నా మటుకు నాకు అది అన్యాయంగానే తోస్తుంది.

ఇలాంటి ఇళ్ళకు ప్రభుత్వం ఏం చెయ్యగలదో చూడటానికి బ్రిటన్ సంగతి చెబుతాను. నయం కాని మెదడు జబ్బే ఇంకోటుంది, క్రాయిట్స్‌ఫెల్ట్ జాకబ్ జబ్బు. పెద్దవాళ్ళకు వస్తుంది, ఏడాదికి పది లక్షల మందిలో ఒకరిద్దరికి. చాలామంది ఆరు నెలల్లోపే పోతారు. పిచ్చి ఆవుల జబ్బు గొడవ గుర్తుందా? ఆ ఆవుల మాంసం వల్ల మనుషులకు వచ్చిన రకం 1996లో బయటపడింది, ఆ దేశంలో 178 మంది పోయారు. జబ్బుకి మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ వాళ్ళు ఒక ఏర్పాటు చేశారు. ఎడిన్‌బరోలోని కేంద్రం నుంచి అనుభవం గల నర్సు ఒకరు రోగి ఇంటికి వెళతారు. మంచం కావాలా, రాత్రి మనిషి కావాలా అని చూసి, స్థానిక అధికారులతో మాట్లాడతారు. దానికి విడిగా నిధి ఉంది. జబ్బు పరిగెడుతుంది కాబట్టి కాగితాలు తరవాత, మంచం ముందు. కుటుంబానికి ఒకే మనిషి, ఒకే ఫోను నంబరు.

అది డబ్బున్న దేశం కదా అంటారు. మన దేశంలోనే కేరళ ఉంది. కోజికోడ్‌లో 1993లో ఇద్దరు ముగ్గురు డాక్టర్లు ఒక చిన్న క్లినిక్కుగా మొదలుపెట్టిన ఉపశమన వైద్యం, ఊరూరా వాలంటీర్లు ఇళ్ళకు వెళ్ళి మంచాన ఉన్నవాళ్ళను చూసుకునే ఉద్యమం అయ్యింది. 2008లో ఆ ప్రభుత్వం దానికి ఒక విధానమే ప్రకటించింది. తెలంగాణలో ఆలన పేరుతో ఇళ్ళకు వెళ్ళే వాహనాలు జిల్లాల్లో ఉన్నాయి. ఎక్కువగా క్యాన్సర్ రోగుల కోసం పుట్టినవే, అయినా మంచాన ఉన్న పిల్లాడి సంగతి కూడా అడగండి. మీ జిల్లా ఆసుపత్రిలో ఉపశమన వైద్య (పాలియేటివ్) విభాగం ఉందా అని ఆశా కార్యకర్తను అడగండి. లేదంటే లేదనే చెబుతుంది. నలుగురు అడిగితే రేపు పెడతారు.

చివరి దశ గురించి ఒక్క మాట. చాలామంది పిల్లలు న్యుమోనియాతో పోతారు. ఊపిరాడని ఆ అర్ధరాత్రి, అంబులెన్సులో, వెంటిలేటర్ పెట్టమంటారా అని తల్లిని అడగటం అంత క్రూరం ఇంకోటి లేదు. ఆ ప్రశ్న ముందే, పగటిపూట, అందరూ కూర్చుని ఉన్నప్పుడు అడగాలి. కొందరు ఆసుపత్రి అంటారు. కొందరు ఇంట్లో, మా మధ్యే అంటారు. ఏదన్నా సరే, ఆ మాట కాగితం మీద ఉండాలి, దాని మీద సంతకం పెట్టిన డాక్టరు ఫోనులో దొరకాలి. ఇల్లు అన్నవాళ్ళకు ఆయాసం, నొప్పి తగ్గించే మందులు ఎలా ఇవ్వాలో నేర్పి పంపాలి.

ఆ నోటుపుస్తకం తెచ్చిన తల్లి, పిల్లాడు పోయిన నాలుగు నెలలకు మా వార్డుకు వచ్చింది. మిగిలిపోయిన డైపర్లు, వాడని గొట్టాలు, ఎయిర్ బెడ్డు ఎవరికన్నా ఇవ్వమని తెచ్చింది. నిద్ర పడుతోందా అమ్మా అని అడిగాను. పదకొండుకి, ఒంటిగంటకి, మూడింటికి మెలకువ వస్తూనే ఉందట. లేచి కూర్చుంటుందట. తిప్పటానికి ఎవరూ లేరని గుర్తొచ్చి మళ్ళీ పడుకుంటుందట.

వింటున్న వాళ్ళకు రెండు విన్నపాలు. మీ ఇంట్లో తొమ్మిది నెలలు నిండిన బిడ్డ ఉంటే, టీకా కార్డు తీసి చూడండి. మొదటి డోసు గడి గానీ, పదహారు నెలలు దాటిన బిడ్డకు రెండో డోసు గడి గానీ ఖాళీగా ఉంటే ఈ బుధవారమో శనివారమో మీ ఊళ్ళో టీకాలు వేసే రోజు ఏదో ఆశా కార్యకర్తను అడిగి వేయించండి. మీ వీధిలో మంచాన ఉన్న పిల్లాడో పిల్లో ఉంటే, ఎలా ఉన్నాడని గుమ్మంలోంచి అడిగి పోకండి. మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్ళండి. పక్క తిప్పటం ఆవిణ్ణే అడిగి నేర్చుకోండి. నాలుగింటిదాకా నేను చూస్తాను, నువ్వు పడుకో అమ్మా అని చెప్పండి.